చెరువు నోట్లో మట్టి

అతను పొక్లెయిన్ నడిపితే నేల అద్దంలా వచ్చేది. అందుకే దిగువ ఊళ్ళలో అందరూ అతన్ని అద్దం అనే పిలిచేవారు. కన్నవాళ్ళు పెట్టిన పేరుతో ఎవరైనా పిలిస్తే అతనే వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. మిగతావాళ్ళు తవ్విన చోట బకెట్ పళ్ళ గీతలు దువ్వెనతో గీసినట్టు కనిపిస్తాయి. అతను తవ్విన చోట గోళీ పెడితే గోళీ కదలదు. ఎక్కడైనా ఒక్క గీత మిగిలిపోయిందంటే ఆ పూట అతనికి తిండి సయించేది కాదు. పనిమంతుడే, ఆ మాట కాదనేవాళ్ళు లేరు. కాకపోతే తను పనిమంతుణ్ణన్న సంగతి అతనికి కాస్త ఎక్కువగానే తెలుసు.

అలాంటివాడు పెళ్ళి చేసుకుని కొండెక్కాడు. పెళ్ళికూతురు కొండ మీద తెల్లరాతి మెట్టలో మేకలు పెంచుకునే ఒకావిడకి ఒక్కగానొక్క కూతురు, బట్టలు కుడుతుంది. అత్తగారు సంబంధం మాట్లాడేటప్పుడే తేల్చి చెప్పేసింది, తన పిల్ల కొండ దిగదు, తన మేకలు కొండ దిగవు, అది నచ్చనివాళ్ళు ఇప్పుడే దిగిపోవచ్చునని. అద్దం నవ్వేసి, మలుపుల రోడ్డు మీద మెషిన్ని మెల్లగా ఎక్కించుకుని వచ్చేశాడు.

మెట్ట అంటే పొలంలా చదునుగా ఉంటుందనుకున్నాడు పాపం. ఎక్కి చూస్తే అంతా సున్నపురాయి. ఆ తెల్లరాయి నిలువునా అడ్డంగా చీలికలుపడి ఉంటుంది. చీలికల్లో ఆకులు గుబురుగా మొలిచి నేలలాగే కనిపిస్తాయి, నమ్మి కాలు పెడితే మోకాలి దాకా దిగబడుతుంది. మధ్యమధ్యలో మూకుళ్ళలాగా గుండ్రటి పల్లాలు. ఎర్రమట్టి ఉండేది ఆ పల్లాల్లోనే కాబట్టి, ఏ పల్లంలోకి తొంగి చూసినా ఎవరిదో ఒకరిది కూరగాయల మడి ఉంటుంది. వాన ఎంత కుండపోతగా కురిసినా కాసేపటికల్లా నేల పొడిపొడి. ఒక వాగు కూడా ఉంది గానీ, అది ఊరి బయట రాతిగుట్ట మొదట్లో తన ఇంట్లోకి తాను వెళ్ళిపోతున్నట్టు నేలలోకి దూరి మాయమైపోతుంది. మళ్ళీ కొండ కింద ఎక్కడో ఊటగా బయటపడుతుందట. ఏ ఇంట్లో కెటిల్ మూత తీసినా లోపల తెల్లటి పెచ్చు. గుమ్మం ముందు రాతిమెట్టులో నత్తగుల్లలు ఉన్నాయని భార్య చూపిస్తే, ఎవరో అతికించారనుకున్నాడు. ఒకప్పుడు ఇదంతా సముద్రమేనట అని ఆమె చెప్పింది. మరి ఆ నీళ్ళన్నీ ఏమైనట్టు అని అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే అడిగాడు గానీ, జవాబు కోసం ఆగలేదు.

అన్ని పల్లాల్లోకి పెద్ద పల్లంలో ఒక చెరువు ఉండేది. మెట్ట మొత్తానికి నిలిచే నీళ్ళంటే అవే. ఊరు దాని చుట్టూ కట్టుకున్నదే. ఇళ్ళలో కుళాయిల వరకూ ఆ నీళ్ళే, మేకలకీ అవే. ఏటికేడాది అది మెరకవుతూ వచ్చి, ఎండాకాలంలో మోకాలి లోతుకి దిగిపోతోంది. అందరి కళ్ళూ కొత్త అల్లుడి మీద పడ్డాయి. ఇంట్లో మెషిన్ పెట్టుకుని ఊరి చెరువు పూడిక తీయకపోతే ఎలా అన్నారు. అద్దం పుట్టి పెరిగింది దిగువ నల్లరేగడిలో. అక్కడ చెరువంటే ఎండాకాలం వచ్చేసరికి పూడిక తీయాల్సిందే, ఎంత లోతుకి తీస్తే అంత నీరు. పూడిక తీసినవాడు పది మందికీ మంచి చేసినవాడు. ఇందులో ఆలోచించాల్సింది ఉందని అతనికే కాదు, ఎవరికీ తోచలేదు.

పని మొదలైంది. జిగటగా, నెయ్యిలా మెరిసే ఎర్రటి బురద బకెట్ నిండా వచ్చేది. మెట్టలో మట్టికే కరువు కాబట్టి రైతులు ట్రాక్టర్లు వరసగా పెట్టుకుని తమ మడులకి తోలుకుపోయారు. అందరికన్నా ఎక్కువ తోలుకున్నది అతని భార్యకి మేనమామ, అంటే అత్తగారి అన్నగారు. ఇక అత్తగారైతే గట్టు మీద మేకల్ని వదిలేసి, వచ్చిపోయే ప్రతివాళ్ళకీ మా అల్లుడు మా అల్లుడు అని చూపించడమే పని. చివరి రోజున తూర్పు మూలలో రెండు బండల మధ్య కొంచెం బురద మిగిలింది. అద్దం బకెట్ ఆనిస్తే అడుగు నుంచి డొల్ల చప్పుడు వచ్చింది. ఎందుకో చెయ్యి ఆగింది.

"బాబూ, ఆ మూల కాస్త మిగిలిపోయింది చూడు. అది కూడా గీకెయ్యి. రేపు ఎవరూ వంక పెట్టకూడదు," అంది అత్తగారు గట్టు మీంచి.

గీత మిగిలితే తిండి సయించనివాడు, పైగా అత్తగారి మాట. గీకేశాడు. అడుగున తెల్లరాయి కడిగిన పళ్ళెంలా బయటపడింది. ఊరంతా వచ్చి ఫోన్లలో ఫొటోలు తీసుకుంది.

తొలి పెద్ద వానకి చెరువు మధ్యాహ్నానికల్లా గట్టు దాకా నిండింది. అందరూ అతని భుజం తట్టి ఇళ్ళకి వెళ్ళారు. సాయంత్రం టీలు తాగే వేళకి తూర్పు మూలలో నీళ్ళు గిర్రున తిరగడం మొదలుపెట్టాయి. స్నానాలగది తూము చివర్లో ఎలా గుటకలేస్తుందో అలా గుటకలేస్తూ, కళ్ళముందే మొత్తం చెరువు ఆ మూలలోకి దిగిపోయింది. అడుగున చేపలు ఎగిరెగిరి పడుతున్నాయి, రెండు బండల మధ్య నల్లటి నోరు ఒకటి తెరుచుకుని ఉంది. మర్నాడు కొండ కింది ఊళ్ళో ఊట ఎర్రగా పారిందని, ఎవరికో బిందెలో మెట్టమీది చేప పడిందని కబురొచ్చింది. వాళ్ళు దాన్ని వండుకున్నారట కూడా.

అద్దం అనే పేరు ఆ రోజుతో పోయింది. కొత్త పేరు చిల్లు. అంగట్లో చిల్లు, సెలూన్‌లో చిల్లు, చివరికి అతనే ఫోన్ ఎత్తి నేను చిల్లుని మాట్లాడుతున్నానని చెప్పేదాకా వచ్చింది. పరాయివాడొచ్చి మా నోట్లో మట్టి కొట్టాడని ముసలివాళ్ళు గట్టు మీద కూర్చుని వాపోయారు. అవన్నీ ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేకపోయింది ఇంట్లో. అత్తగారు అతన్ని ఒక్క మాట తిట్టలేదు, అసలు మాట్లాడటమే మానేసింది. ఒకే గదిలో, చెయ్యి చాపితే అందేంత దూరంలో అతన్ని పెట్టుకుని, మీ ఆయనకి ఇంకాస్త కూర కావాలేమో అడగవే అని కూతురితో అనేది. వద్దని చెప్పు అని అతను భార్యతో చెప్పేవాడు. ఆ మాట మళ్ళీ వాళ్ళమ్మకి చెప్పేసరికి పాపం ఆ పిల్ల కంచంలో కూర చల్లారిపోయేది.

ఆ మూల ఎవరు గీకమన్నారో అతను ఎవరికీ చెప్పలేదు. భార్య ఒకసారి అడిగింది, మిగతా అంతా బాగానే ఉంటే ఆ మూలలోకి ఎందుకు వెళ్ళావని. లివర్ పట్టుకున్నది నేను కదా అని ఊరుకున్నాడు. త్యాగం చేస్తున్నానన్న భావమేమీ లేదు అతనికి. డొల్ల చప్పుడు విన్నది తను, ఆవిడ వినలేదు. విని కూడా గీకాడు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఒళ్ళు మండేది, తన మీదే.

నీటి ఆఫీసు వాళ్ళు ట్యాంకర్లు పంపారు. అవి తెచ్చేది కింది ఊట నీళ్ళే. మన చెరువు మనకే అరువొస్తోంది అని జనం నవ్వుకున్నారు, ఏడవలేక. తర్వాత ఇంజినీరమ్మ వచ్చింది. నడివయసు మనిషి, బూట్లకి బురదంటితే పట్టించుకోదు. చెరువులోకి దిగి, ఆ నోటి దగ్గర బోర్లా పడుకుని టార్చి వేసి చూసింది. లేచి, ఈ ఊరిని ట్యాంకర్ల మీద ఎల్లకాలం నడపలేమని, కొండ కింద కట్టిన వరస ఇళ్ళలోకి అందరూ మారాల్సి వస్తుందని మెత్తగానే చెప్పింది. అక్కడ పశువుల్ని పెట్టుకోనివ్వరు. ఆ మాట విన్న రోజు అత్తగారు ఇంటికొచ్చి తన బట్టలు, రెండు గిన్నెలు ఒక మూటకట్టి గుమ్మం పక్కన పెట్టింది. మేకల్ని ఎవరికిద్దామని కూతుర్ని అడిగింది. గొంతు మామూలుగానే ఉంది. ఆ మామూలు గొంతే అతని గుండెలో గుచ్చుకుంది. ఇంట్లోంచి పోతూ వస్తూ ఆ మూటని దాటుకుని వెళ్ళాలి. నాలుగుసార్లు దాటాడో లేదో, చెరువు నిలబెట్టకుండా ఈ కొండ దిగేది లేదని తీర్మానించుకున్నాడు.

తిన్నగా ఇంజినీరమ్మ దగ్గరికి వెళ్ళాడు. సిమెంటు పోస్తే ఆగుతుందా అని అడిగాడు. అడుగున రాయే కుంగుతూ ఉంటే సిమెంటు పగులుతుందని ఆవిడ చెప్పింది. ఆ తర్వాత గట్టు మీద కూర్చోబెట్టి, ఎవరూ చెప్పని సంగతి చెప్పింది.

"వాన నీళ్ళలో సన్నటి పులుపు ఉంటుంది. అది ఈ రాయిని కొంచెం కొంచెంగా కరిగించుకుని తాగేస్తుంది. అందుకే అడుగంతా గుహలు, సందులు. రాయి కరిగిపోగా కరగని నలుసు మిగులుతుంది చూడు, అదే ఈ ఎర్రమట్టి. ఎన్ని యుగాల వానకి ఒక పిడికెడు వచ్చిందో."

అతను చెప్పుకి అంటిన ఎర్రమట్టిని వేలితో తీసి చూసుకున్నాడు. "అయితే నేను తీసింది పూడిక కాదా అమ్మా?"

"పైన తీసిందంతా పూడికే. చివర్లో తీసింది చెరువు అడుగు."

మళ్ళీ కూరితే నిలుస్తుందా అని అడిగాడు. నిలవచ్చు, నిలవకపోవచ్చు, నేను మాటివ్వలేనంది. కానీ ఎలా కూరాలో చెప్పింది. ముందు నోట్లో ఇరుక్కునేంత పెద్ద బండలు, వాటి సందుల్లో చిన్న రాళ్ళు, వాటి మీద కంకర, ఇసుక, ఆ పైన చెరువు అడుగంతా ఆ ఎర్రమట్టే, తడిపి తడిపి తొక్కి, పొర మీద పొర. మెషిన్ మాత్రం చెరువులోకి దించకూడదు, ఆ బరువుకి కప్పు కూలి ఇంకో నోరు తెరుచుకుంటుంది. మళ్ళీ వానలు వచ్చేదాకా తన రిపోర్టు పంపకుండా ఆపుతానని కూడా అంది. అంతకన్నా ఏం చేస్తుంది పాపం.

బండలకి కొదవలేదు. మట్టి ఎక్కడిది? అంతా రైతుల మడుల్లో ఉంది, అందులో అప్పటికే పంట. అతను ఇంటింటికీ తిరిగి మట్టి అడుక్కోవడం మొదలుపెట్టాడు. తలుపులు వేసినవాళ్ళు వేశారు. చూద్దాంలే అన్నవాళ్ళు అన్నారు. మేనమామ టమాటా మడి గట్టు మీద కూర్చుని, అల్లుణ్ణి పైనుంచి కిందికి చూశాడు.

"ఊరందరి నోట్లో మట్టి కొట్టావు. ఇప్పుడు మా మట్టి కూడా కావాలా, చిల్లు అల్లుడూ?"

"ఊరి నోట్లో కొట్టాను, నిజమే మావయ్యా. కొట్టాల్సింది చెరువు నోట్లో. అది కొట్టడానికే అడుగుతున్నాను."

మేనమామ నవ్వు ఆపుకోలేకపోయాడు. నవ్వాడు గానీ ఇవ్వలేదు. కోతలయ్యాక సగం పట్టుకుపో అన్నాడు, అది కూడా ఇంకొకళ్ళు ఇస్తే. అద్దం ఆ మాటే పట్టుకుని, మీ బావ ఇస్తున్నాడు, మీ అన్న ఇస్తున్నాడు అంటూ ఒకరిని చూపించి ఒకరి దగ్గర పుచ్చుకున్నాడు. సిగ్గు విడిచి తిరిగాడు. భార్య కుట్టుమిషన్ ఆపేసి, తట్ట నెత్తిన పెట్టుకుని అతని వెంట నడిచింది. ఎందుకొచ్చావంటే, ఇంట్లో మీ ఇద్దరి మధ్య వార్తలు మోసేకన్నా మట్టి మొయ్యడం తేలిక అంది.

మెషిన్ని గట్టు మీదే నిలబెట్టి, దాని చెయ్యి చాపినంత దూరం చాపి బండల్ని నోట్లోకి జారవిడిచాడు. ఆ తర్వాత పనంతా కిందికి దిగి చేతుల్తోనే. ఎన్నాళ్ళయిందో అతను మట్టిని చేత్తో ముట్టుకుని. మొదటిసారి కూరింది నిలవలేదు. ట్యాంకర్‌తో నీళ్ళు వదిలి చూస్తే, మొత్తం గబుక్కున జారిపోయి, నోరు మళ్ళీ నల్లగా తెరుచుకుంది. గట్టు మీద జనం ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. అతను చెరువులోనే కూర్చుని కాసేపు ఏడ్చాడు, ముక్కు తుడుచుకున్నాడు, లేచి ఇంకా పెద్ద బండ కోసం గుట్టవైపు వెళ్ళాడు. రెండోసారి తొందరపడలేదు. ప్రతి రాయినీ కాలితో తన్ని చూసి, కదలనిదాని మీదే ఇంకోటి పేర్చాడు. మట్టి పొరల దాకా వచ్చాడు. అక్కడ చిక్కొచ్చింది. చెరువంత వైశాల్యాన్ని ఇద్దరు మనుషులు ఎంతకాలం తొక్కుతారు? రోలర్ దించడానికి లేదు. మేకలైతే తొక్కుతాయి, గిట్టలు చిన్నవి, మట్టి బాగా బిగుస్తుంది. కానీ ఆ మేకలు తమ యజమానురాలు పిలిస్తే తప్ప ఎవరి మాటా వినవు.

ఆ రోజు కంచాల దగ్గర అతను భార్యవైపు చూసి, మీ అమ్మగారిని మేకల్ని తోలుకొస్తారేమో అడుగు అన్నాడు. ఆవిడ అదే గదిలో ఉండి, మేకలకి తడి గిట్టదని మీ ఆయనకి చెప్పు అంది. మట్టి మీద ఆకులు జల్లుతానని చెప్పు. ఏం ఆకులో అడుగు. భార్య రెండు చేతులూ చెవులకి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళిపోయింది. గదిలో ఇద్దరే మిగిలారు.

మర్నాడు ఆవిడ మేకలతో గట్టు దిగింది. ముందు నడుస్తూ, నాలుక టకటకలాడిస్తూ పిలిచింది. మొదట కాలు పెట్టి చీదరించుకున్నాయి, ఆకులు కనిపించేసరికి చీదర మరిచిపోయాయి. ఈ చివర నుంచి ఆ చివరికి, ఆ చివర నుంచి ఈ చివరికి తిప్పింది. అవి తొక్కుతూ ఉంటే అద్దం తడిపాడు, తడిపిన చోట భార్య మట్టి పోసింది. చూడటానికి వచ్చిన ఊళ్ళోవాళ్ళు చూస్తూ నిలబడలేక చెప్పులు విప్పేశారు. మేనమామ కూడా వచ్చాడు, తన సగం మట్టితో, చూస్తే సగం కన్నా ఎక్కువే ఉంది.

రోజుల తరబడి తొక్కినా తూర్పు మూలలోకి మాత్రం మేకలు వెళ్ళలేదు. రెండు బండల మధ్య ఇరుకు, పైగా ఆ సందు చూస్తేనే వాటికి బెదురు. మేనమామ పరిహాసంగా కేకేశాడు, ఆ మూల నువ్వే తొక్కు చిల్లు అల్లుడూ, నీ మూలే కదా అని. అందరూ నవ్వారు. అతను కూడా నవ్వి, పంట్లాం మడుచుకుని బయల్దేరాడు. అత్తగారు అతనికి అడ్డం వచ్చింది.

"అది అతని మూల కాదన్నయ్యా. నాది," అంది.

నవ్వులు ఆగిపోయాయి. "గీకమన్నది నేను. అతను ఆగితే గట్టు మీంచి అరిచి మరీ గీకించాను. ఈ మనిషి ఇన్నాళ్ళూ పేరు పోగొట్టుకుని తిరిగాడు గానీ, ఇంట్లో పెళ్ళానికి కూడా ఆ మాట చెప్పలేదు. నేనూ చెప్పలేదు. నోరు రాలేదు." ఆవిడ కట్టుకున్న బట్ట మోకాళ్ళ పైకి దోపుకుని, ఆ బండల మధ్యకి వెళ్ళి, ఒక చెయ్యి రాయికి ఆనించి తొక్కడం మొదలుపెట్టింది. భార్య తట్ట దించి మొగుడి మొహంలోకి చూసింది. అతను ఆ చూపు తప్పించుకుని, గబగబా బిందె ఎత్తి, ఆవిడ పాదాల చుట్టూ నీళ్ళు జల్లాడు.

"ఇంకాస్త పొయ్యి బాబూ. పొడిగా ఉంది."

ఎన్ని నెలల తర్వాతో విన్న ఆ బాబూ అన్న పిలుపుకి అతను బిందె మరీ వంచేశాడు. నీళ్ళు కాస్త ఎక్కువే పడ్డాయి.

వానలు ఆలస్యంగా వచ్చాయి, వచ్చాక ఊపిరి సలపనివ్వలేదు. చెరువు ఎక్కుతూ వచ్చింది. గట్టు మీద ఊరంతా గొడుగులేసుకుని నిలబడి, తూర్పు మూలకేసే చూస్తోంది. ఎవరూ అతని భుజం తట్టలేదు, ఈసారి ఎవరికీ ఆ ధైర్యం లేదు. చీకటిపడేదాకా చూసి ఇళ్ళకి వెళ్ళారు.

తెల్లవారుతుండగా అతను లేచాడు. గుమ్మం పక్కన మూట అలాగే ఉంది. అత్తగారి మంచం ఖాళీగా ఉంది. పరుగులాంటి నడకతో చెరువు దగ్గరికి వెళ్ళాడు. వాన వెలిసింది. నీళ్ళు నిన్న ఎక్కడ ఉన్నాయో అక్కడే ఉన్నాయి. తూర్పు మూలలో, గట్టుకి ఆనుకుని మట్టి ఎత్తుగా ఉన్న బండ వారన, ఆవిడ మోకాలి లోతు నీళ్ళలో కదలకుండా నిలబడి ఉంది. కాళ్ళకి ఏదైనా లాగుడు తగులుతుందేమోనని కళ్ళు మూసుకుని కనిపెట్టుకుని ఉంది.

"అత్తయ్యా, లాగుతోందా?"

"ఉండు బాబూ, మాట్లాడకు."

ఆవిడ ఒక కాలు మార్చి, రెండో కాలు మార్చి చూసింది.

"లాగట్లేదు," అంది.

ఎప్పుడనగా వచ్చి నిలబడిందో, కాళ్ళు నాని తెల్లబడి ఉంటాయి, ఇక బయటికి వచ్చెయ్యమన్నాడు. ఇంకాసేపు చూడనీ అంది. అతను పంట్లాం మడుచుకుని తనూ నీళ్ళలోకి దిగి, ఆవిడ పక్కన నిలబడ్డాడు. కాళ్ళ కింద మట్టి గట్టిగా ఉంది. కాసేపటికి భార్య మేకల్ని తోలుకుని గట్టు మీదికి వచ్చింది, అవి ఒకదాన్నొకటి తోసుకుంటూ దిగి నీళ్ళలో మూతులు పెట్టాయి.